థేమ్స్ ఒడ్డున డ్రాక్యులా కోట

1958లో వచ్చిన బ్రిటిష్ ‘డ్రాక్యులా’లో, పుస్తకాలు సర్దే ఉద్యోగానికని జొనాథన్ హార్కర్ అనే యువకుడు కోటకి వస్తాడు. కోట శుభ్రంగా ఉంటుంది. బూజు లేదు, గబ్బిలాలు లేవు. పొయ్యిలో మంట వెలుగుతోంది, బల్ల మీద భోజనం సిద్ధంగా ఉంది. వడ్డించే మనిషి మాత్రం లేడు. కాసేపయ్యాక హార్కర్ తలెత్తి చూస్తే మెట్ల పైన నల్లటి ఆకారం నిలబడి ఉంటుంది. సంగీతం ఉరిమినట్టు లేస్తుంది. ఆ ఆకారం చకచకా మెట్లు దిగి వెలుగులోకి వస్తుంది. చూస్తే పొడుగాటి అందగాడు. వచ్చేసరికి ఇంట్లో లేనందుకు మర్యాదగా మన్నించమని, అతిథిని గదికి తీసుకెళతాడు. అరుపు లేదు, కోర లేదు. వెళుతూ వెళుతూ తలుపుకి బయట తాళం వేస్తాడు, అంతే.

ఆ తాళం చప్పుడు దగ్గర నాకు ఒళ్ళు జలదరిస్తుంది. తర్వాత అదే మనిషి నెత్తురోడే పెదాలతో, ఎర్రబడ్డ కళ్ళతో గుమ్మంలో నిలబడి, బల్ల మీదుగా ఉరికి వచ్చినప్పుడు ఇంకా భయం వేస్తుంది. ఎందుకంటే అంతకుముందు అతన్ని మనం పెద్దమనిషిగా చూశాం. భయపెట్టే ముందు నమ్మించాలి అన్న సూత్రం ఈ సినిమాలు తీసినవాళ్ళకి తెలిసినట్టుగా మరొకరికి తెలియదని నా అభిప్రాయం.

నేను సినిమా సెట్లు వేసేవాణ్ణి. మద్రాసు స్టూడియోల్లో జానపద చిత్రాలకి పనిచేసి, ఆనక హైదరాబాదు చేరిన మేస్త్రీల దగ్గర పని నేర్చుకున్నాను. ఈ పాత ఇంగ్లీషు భయానక చిత్రాలు వీడియో క్యాసెట్ల రోజుల్లో నా చేతికి వచ్చాయి. మొదట కథ కోసం చూశాను. తర్వాత గోడల కోసం, స్తంభాల కోసం, తలుపుల కోసం చూస్తూనే ఉన్నాను. ఇంతకాలమైనా జనం వీటిని ఎందుకు వదలడం లేదో ఆ గోడల వైపు నుంచే చెప్పగలను.

వీటిని తీసిన కంపెనీ పేరు హామర్. విలియం హైండ్స్ అనే వ్యాపారి ‘విల్ హామర్’ అనే పేరుతో రంగస్థలం మీద నటించేవాడు. 1934లో మొదలుపెట్టిన సినిమా కంపెనీకి ఆ పేరే పెట్టాడు. ఎన్రిక్ కరేరాస్ అనే థియేటర్ల యజమాని ఆయనతో చేతులు కలిపాడు. చాలాకాలం వాళ్ళు తీసినవన్నీ చిన్నాచితకా సినిమాలే. 1950ల మొదట్లో, బెర్క్‌షైర్‌లో థేమ్స్ నది ఒడ్డున ‘డౌన్ ప్లేస్’ అనే పాత బంగళాలో మకాం పెట్టారు. దానికే బ్రే స్టూడియో అని పేరు. పెద్ద స్టూడియోల్లో ఉండే విశాలమైన ఫ్లోర్లు ఇక్కడ లేవు. బంగళా గదులనే కెమెరాకి వాడుకున్నారు, పక్కన చిన్న ఫ్లోర్లు కట్టుకున్నారు, ఖాళీ స్థలంలో కోట ముఖద్వారాలూ ఊళ్ళూ వేసుకున్నారు. ట్రాన్సిల్వేనియా అడవి కావాలంటే దగ్గర్లోని బ్లాక్ పార్క్‌కి బండి కట్టేవారు. ఎన్ని సినిమాల్లో ఎన్ని గుర్రపు బగ్గీలు ఆ చెట్ల మధ్యే పరిగెత్తాయో!

1955లో ‘ది క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్’ వాళ్ళకి దారి చూపించింది. బీబీసీ టెలివిజన్లో జనాన్ని హడలెత్తించిన ధారావాహికకి అది సినిమా రూపం. అప్పటికి బ్రిటన్‌లో పదహారేళ్ళు నిండనివాళ్ళు చూడకూడని సినిమాలకి ‘ఎక్స్’ సర్టిఫికెట్ ఇచ్చేవారు. మిగతా నిర్మాతలు ఆ ముద్ర పడకుండా తప్పించుకు తిరిగితే, హామర్‌వాళ్ళు సినిమా పేరులోనే ఆ అక్షరాన్ని పెద్దగా వేసుకున్నారు. సినిమా ఆడింది. భయానికి గిరాకీ ఉందని వాళ్ళకి అర్థమైంది.

రెండేళ్ళకి, 1957లో, ‘ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ తీశారు. ఖర్చు సుమారు 65 వేల పౌండ్లు. హాలీవుడ్ లెక్కల్లో అది చిల్లర. పైగా ఒక చిక్కు వచ్చింది. మేరీ షెల్లీ 1818లో అచ్చువేసిన నవలని ఎవరైనా సినిమాగా తీయవచ్చు గానీ, చదునైన తల, మెడకి మేకులు ఉన్న ఆ ప్రసిద్ధ రాక్షసుడి ముఖం మాత్రం అమెరికాలోని యూనివర్సల్ కంపెనీ సొత్తు. దాన్ని తాకితే కోర్టుకి లాగుతామన్నారు. దాంతో మేకప్ మనిషి ఫిల్ లీకీ కొత్త ముఖం తయారుచేయాల్సి వచ్చింది. పాలిపోయి, కుట్లు పడి, ఒక కన్ను మసకబారిన ముఖం. అది తగిలించుకున్నది అప్పటికి పెద్దగా పేరులేని ఆరడుగుల ఐదంగుళాల నటుడు క్రిస్టఫర్ లీ. ఆ చిత్రం ప్రపంచమంతటా డబ్బు కురిపించింది. బెదిరించిన యూనివర్సలే మరుసటి ఏడాది హామర్ తీసిన ‘డ్రాక్యులా’ని అమెరికాలో విడుదల చేసింది.

ఇక్కడ నాకు ప్రాణప్రదమైన మనిషి దగ్గరికి వస్తాను. ఆయన బెర్నార్డ్ రాబిన్సన్, హామర్ కళా దర్శకుడు. ఉన్నది చిన్న ఫ్లోరు, ఇచ్చేది చిన్న మొత్తం. ‘డ్రాక్యులా’ షూటింగ్ ముగిసిన కొద్దిరోజులకే అదే చోట ‘ది రివెంజ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ మొదలైంది. అంటే నిన్నటి కోట ఇవాళ్టికి ఇంకేదో కావాలి. రాబిన్సన్ గోడ కూల్చడు, తిప్పి పెడతాడు. మెలితిరిగిన స్తంభాలు ఒక సినిమాలో హాల్లో ఉంటే మరోదాంట్లో నేలమాళిగలో కనిపిస్తాయి. మెట్లు ఇటు నుంచి అటు మారతాయి. పొయ్యికి కొత్త చట్రం వస్తుంది. 1965లో అయితే రెండేసి సినిమాలకి ఒకే సెట్టు. ‘డ్రాక్యులా: ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్’కి కట్టిన కోటలోనే ‘రాస్పుతిన్’ తీశారు. ‘ది ప్లేగ్ ఆఫ్ ది జాంబీస్’కి వేసిన కార్న్‌వాల్ పల్లెటూళ్ళోనే ‘ది రెప్టైల్’ తీశారు. తెలిసి చూస్తే పట్టుకోవచ్చు. తెలియక చూస్తే వేరే దేశంలా ఉంటుంది.

ఇదంతా చవక పని అనుకునేవాళ్ళు ఒక్కసారి పాజ్ చేసి చూడాలి. డ్రాక్యులా గ్రంథాలయం నేల మీద రాశిచక్రం గీసి ఉంటుంది. కథలో దాని గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. చివర్లో సూర్యకాంతి తగిలి డ్రాక్యులా బూడిదైపోతే, ఆ బూడిద ఆ రాశుల మీద పడి ఉంటుంది. పక్కన ఒక ఉంగరం. సినిమా అంతా కాలికింద ఉన్నదాన్ని ఆఖరికి కళ్ళముందుకి తెచ్చారు. డబ్బు తక్కువైన చోట ఆలోచన ఎక్కువ పెట్టడమంటే అదే.

ఈ విషయం తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మన విఠలాచార్య గారు దాదాపు అదే కాలంలో మద్రాసులో చేసింది ఈ పనే. వేసిన సెట్టుని పదేపదే వాడుకుంటూ, చేతిలో ఉన్న డబ్బుతోనే మాయలూ దెయ్యాలూ చూపించి హాళ్ళు నింపారు. వీళ్ళకీ వాళ్ళకీ పరిచయం లేదు. ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకే పట్టుదల.

సెట్టు ఎంత బాగున్నా లైటు పడకపోతే అది చెక్కా ప్లాస్టరే. ఛాయాగ్రాహకుడు జాక్ ఆషర్ దీపాలకి రంగు కాగితాలు కట్టి, నీడల్లోకి ఆకుపచ్చా ఊదా దింపాడు. అంతకుముందు భయానక చిత్రాలంటే దాదాపు అన్నీ నలుపు తెలుపే. నెత్తురు నల్లగా ఉండేది. హామర్ సినిమాల్లో తొలిసారి అది ఎర్రగా పడింది. ‘డ్రాక్యులా’ మొదట్లోనే శవపేటిక మీది పేరు మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. 1958 ప్రేక్షకుడికి అది ఎంత గట్టి దెబ్బో ఊహించుకోండి. ఆషర్ పనిమంతుడే గానీ లైటింగ్‌కి సమయం తీసుకునేవాడు. గడియారం చూసుకునే కంపెనీకి అది నచ్చలేదు. తర్వాత్తర్వాత వేగంగా పనిచేసే ఆర్థర్ గ్రాంట్‌కి ఎక్కువ సినిమాలిచ్చారు. గ్రాంట్ మంచి పనివాడే. అయినా ఆషర్ వెలిగించిన గదులు మళ్ళీ రాలేదు.

సంగీతం జేమ్స్ బెర్నార్డ్‌ది. ‘డ్రాక్యులా’ అనే పేరులోని మూడు అక్షరాలకీ మూడు స్వరాలు కట్టి, వాద్యబృందం చేత ఆ పేరే పిలిపించాడు. ఒకసారి తెలిశాక ఆ బాణీ మాటలాగే వినిపిస్తుంది.

ఇంత పేర్చినా, ఆ గదుల్లో నిలబడే మనిషి నమ్మకపోతే మనం నమ్మం. హామర్ అదృష్టం పీటర్ కుషింగ్. సన్నటి మనిషి, చెక్కినట్టున్న బుగ్గలు, చురుకైన చూపు. ఆయన చేతులు చూడండి. ఏ సన్నివేశంలోనూ ఖాళీగా ఉండవు. కళ్ళజోడు తుడుస్తాయి, పుస్తకం పేజీ తిప్పుతాయి, సీసా మూత బిగిస్తాయి. ప్రతి వస్తువునీ ముందే పట్టుకుని సాధన చేసేవాడని తోటివాళ్ళు చెప్పుకునేవారు. ‘ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’లో శవం తల కోసిన శాస్త్రవేత్త నెత్తుటి చేతిని కోటు అంచుకి తుడుచుకుంటాడు, మనం పెరుగన్నం తిన్న చెయ్యి తువ్వాలుకి తుడుచుకున్నంత మామూలుగా. అదే సినిమాలో, తనని బెదిరించిన పనిమనిషి రాక్షసుడున్న గదిలోకి వెళ్ళగానే తలుపు వేస్తాడు. మరుక్షణం తెల్లవారుతుంది. ఫలహారం బల్ల దగ్గర కూర్చుని మార్మలేడ్ అందుకోమంటాడు. కెమెరా హత్య చూపించలేదు, ఆ మనిషి లోపల ఏముందో చూపించింది.

ఆయన నటనలో నాకు శిఖరం అనిపించేది ‘ది బ్రైడ్స్ ఆఫ్ డ్రాక్యులా’ (1960)లో ఉంది. డ్రాక్యులా లేని డ్రాక్యులా సినిమా అది. క్రిస్టఫర్ లీ ఇందులో లేడు. రక్తపిశాచుల్ని వేటాడే వాన్ హెల్సింగ్‌గా కుషింగ్ ఉన్నాడు. పాడుబడ్డ గాలిమరలో శత్రువు అతన్ని పడగొట్టి మెడ మీద కాటు వేసి పోతాడు. స్పృహ వచ్చి మెడ తడుముకుంటాడు. తనకేం జరిగిందో అర్థమవుతుంది. ఇక తనూ పిశాచం కావలసిందే. అరవడు, ఏడవడు. నిప్పుల కుంపటి దగ్గరికి వెళ్ళి ఇనుప చువ్వ పెట్టి ఎర్రగా కాలేదాకా ఆగుతాడు. చేతికి అందినదాన్ని పట్టుకుని, ఊపిరి బిగబట్టి, కాటుపడిన చోట వాత పెట్టుకుంటాడు. కూలబడతాడు. మళ్ళీ లేచి దాని మీద పవిత్రజలం పోసుకుంటాడు. ఆ ముఖంలో నొప్పి, నొప్పి వెనక భయం, ఆ వెనక చేయాల్సిన పని వరసగా కనిపిస్తాయి. మాట ఒక్కటి లేదు. ఇంతటి అసంభవమైన విషయాన్ని ఒక మనిషి ఇంత నిజాయితీగా చేసి చూపిస్తే, అది కల్పన అని గుర్తుచేసుకోవడానికి మన బుద్ధే ఒప్పుకోదు. చివరికి ఆ గాలిమర రెక్కల మీదికి దూకి తన బరువుతో తిప్పి, వెన్నెల్లో వాటి నీడ శిలువలా పడేట్టు చేసి పిశాచాన్ని చంపుతాడు.

అదే సినిమాలో ఇంకో ముక్క. చనిపోయిన అమ్మాయి శవపేటికకి తాళాలు వేసి ఉంటాయి. కాపలా ఉన్న మనిషి చూస్తుండగా, తాళం తెరవకుండానే ఊడి నేల మీద పడుతుంది. ఖంగుమని చప్పుడు. అంతే ఖర్చు.

కుషింగ్‌కి ఎదురు నిలిచే లీ దారి వేరు. 1958 ‘డ్రాక్యులా’లో ఆయన మాట్లాడేది మొదటి సన్నివేశాల్లో కొద్ది వాక్యాలు. తర్వాత అంతా నిలబడటం, చూడటం, హఠాత్తుగా కదలడం. 1966లో వచ్చిన ‘ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్’లో అయితే ఒక్క మాటా లేదు, బుసలే. రాసిన సంభాషణలు బాగోలేక తానే పలకనన్నానని లీ చెప్పేవాడు. అసలు రాయనే లేదని రచయిత జిమ్మీ శాంగ్‌స్టర్ అనేవాడు. ఎవరి మాట నిజమైనా మౌనం ఆయనకి కలిసొచ్చింది.

ఈ ఇద్దరూ కలబడే ‘డ్రాక్యులా’ పతాక సన్నివేశం భయానకమూ సాహసమూ కలిసిపోయే చోటు. వాన్ హెల్సింగ్ పొడుగాటి బల్ల మీద పరుగెత్తి, గాల్లోకి ఎగిరి, కిటికీ తెరల్ని పట్టుకుని లాగేస్తాడు. ఎండ లోపలికి దూకుతుంది. పారిపోబోతున్న పిశాచాన్ని ఆపడానికి రెండు కొవ్వొత్తి స్టాండ్లని అడ్డంగా చేర్చి శిలువ చేస్తాడు. జేబులోంచి మళ్ళీ శిలువ తీయడం బాగుండదని ఆ ఉపాయం చెప్పింది కుషింగే.

హామర్ అంటే పిశాచాలే అనుకోవద్దు. దర్శకుడు టెరెన్స్ ఫిషర్ 1959లో తీసిన ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ రంగుల్లో వచ్చిన మొదటి షెర్లాక్ హోమ్స్ చిత్రం. కుషింగే హోమ్స్. ‘కెప్టెన్ క్లెగ్’ (1962) నాకు మరీ ఇష్టం. కెంట్ తీరంలో బురదనేలల ఊరు, పద్దెనిమిదో శతాబ్దం చివర. రాత్రిపూట అస్థిపంజరాలు గుర్రాలెక్కి తిరుగుతాయని ఊరివాళ్ళ పుకారు. రాజుగారి సైనికులు దొంగసరుకు వెతుక్కుంటూ వస్తారు. చర్చి ఫాదర్ ఎవరో, శవపేటికలు చేసే వడ్రంగి దుకాణంలో ఏం దాచారో నేను చెప్పను, మీరే చూడాలి. ఆ వడ్రంగిగా వేసిన మైకేల్ రిప్పర్ హామర్ సినిమాల్లో మాటిమాటికీ కనిపిస్తాడు, ఎక్కువగా సత్రం యజమానిగా. తెర మీదికి రాగానే చుట్టం వచ్చినట్టుంటుంది.

ఒక భారతీయుడిగా ఈ సినిమాల మీద నాకున్న అభ్యంతరం కూడా చెప్పాలి. ‘ది స్ట్రాంగ్లర్స్ ఆఫ్ బాంబే’ (1959) మన దేశంలోని థగ్గుల కథ. తీసింది మాత్రం బ్రే స్టూడియోలోనే. కాళీమాత పేరు చెప్పి గొంతులు బిగించే మూకగా మనవాళ్ళు, వాళ్ళని అణిచే ఈస్టిండియా కంపెనీ దొర. చూస్తుంటే కడుపు మండుతుంది. దాన్ని సమర్థించలేను. అయితే అదే సంవత్సరం అదే ఫిషర్ తీసిన ‘ది మమ్మీ’ చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అందులో ఈజిప్టు నుంచి వచ్చిన మెహెమెట్ బే, సమాధులు తవ్వి తెచ్చిన ఇంగ్లీషు పండితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, చచ్చినవాళ్ళ నిద్ర చెడగొట్టే హక్కు మీకెవరిచ్చారన్నట్టు నిలదీస్తాడు. ఇంగ్లీషు పండితుడి దగ్గర గట్టి జవాబు లేదు. ఆ పాత్ర వేసిన జార్జ్ పాస్టెలే థగ్గుల సినిమాలో కాళీ పూజారి. అక్కడ అతనికి కత్తి ఇచ్చారు, ‘ది మమ్మీ’లో వాదన ఇచ్చారు. బాస్కర్‌విల్ వంశపు కుక్క దగ్గర్నుంచి ఈ మమ్మీ దాకా, పెద్దలు చేసిన పాపం పిల్లల గుమ్మం తడుతుంది. సామ్రాజ్యం చేజారిపోతున్న ఆ ఏళ్ళలో బ్రిటన్‌వాళ్ళకి ఈ కథలు అంత దగ్గరగా తగలడానికి అదీ ఒక కారణమని నేననుకుంటాను.

విమర్శకులు మాత్రం మొదట్లో వీటిని చీల్చి చెండాడారు. ‘ది అబ్జర్వర్’ విమర్శకురాలు సి.ఎ. లెజూన్‌కి ‘ఫ్రాంకెన్‌స్టైన్’ చూసి రోత పుట్టింది. జనం లెక్కచేయలేదు. 1968లో పరిశ్రమలకిచ్చే రాణి పురస్కారం హామర్‌కి వచ్చింది, విదేశీ డబ్బు తెచ్చిపెట్టినందుకు. 1973లో డేవిడ్ పిరీ అనే విమర్శకుడు ఏకంగా పుస్తకం రాసి, అమెరికాకి కౌబాయ్ చిత్రాలెలాగో బ్రిటన్‌కి ఈ గోతిక్ చిత్రాలు అలాగని వాదించాడు. నేను ఆయన పక్షమే.

అప్పటికే కంపెనీ బ్రే వదిలేసింది. రాబిన్సన్ 1970లో పోయాడు. సినిమాల్లో నెత్తురు, నగ్నత్వం పెరిగాయి, గదుల మీద శ్రద్ధ తగ్గింది. అమెరికా నుంచి ‘ది ఎక్సార్సిస్ట్’ వచ్చాక ఈ కోటలూ బగ్గీలూ పాతబడిపోయాయి. 1976లో ‘టు ది డెవిల్ ఎ డాటర్’తో ఆ వరస ఆగింది. 1994లో లీ, కుషింగ్ కలిసి హామర్ చరిత్ర మీద తీసిన డాక్యుమెంటరీకి గొంతు ఇచ్చారు. ఆ ఆగస్టులోనే కుషింగ్ కన్నుమూశాడు.

చూద్దామనుకునేవాళ్ళకి నా సలహా ఇది. ‘డ్రాక్యులా’తో మొదలుపెట్టండి, వెంటనే ‘ది బ్రైడ్స్ ఆఫ్ డ్రాక్యులా’ చూడండి, పిల్లలు పక్కనుంటే ‘కెప్టెన్ క్లెగ్’ పెట్టండి. ఫోన్లో వెలిసిపోయిన కాపీ మాత్రం చూడకండి. ఆషర్ ఊదా రంగు అందులో బూడిదైపోతుంది. సెన్సారు కత్తిరించిన కొన్ని ముక్కలు జపాన్‌లో దాచిన ప్రింట్‌లో దొరికితే, వాటిని చేర్చి ‘డ్రాక్యులా’ని 2012లో బాగుచేశారు. బ్లూరేలో దొరుకుతోంది. అదే చూడండి.